రిఫర్ చేశాం అంటారు, ఎప్పుడు చూస్తారో మాత్రం ఎవరూ చెప్పరు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో ఈఎస్ఐ గురించి, అంటే మా జీతంలోంచి చందా కట్టే కార్మికుల బీమా వైద్యం గురించి, ఏదన్నా వచ్చిందంటే అది కొత్త దవాఖాన శంకుస్థాపన అన్నా అయి ఉంటది, లేదంటే మందుల కొనుగోళ్ల కేసన్నా అయి ఉంటది. 2019లో ఏసీబీ వాళ్లు ఆ మందుల కేసులో అరెస్టులు చేసినప్పుడైతే రోజుల తరబడి ఫస్ట్ పేజీ అదే. నేను రాసేది అంత పెద్ద సంగతి కాదండి. నన్ను ఎవరూ లంచం అడగలేదు, ఎవరూ తిట్టలేదు, ఒకరిద్దరు విసుక్కున్నారు కానీ అంత రష్ లో కూచుంటే ఎవరైనా విసుక్కుంటారు, అది నేను లెక్కలో వేసుకోను. అందరూ వాళ్ల వాళ్ల పని రూల్ ప్రకారమే చేశారు. ఐనా నేను ఇంకా స్పెషలిస్టు డాక్టర్ ముందు కూచోలేదు. ఎవరి తప్పూ లేకుండా ఇంత లేట్ ఎట్లా అవుతదో అర్థం కాకనే ఈ ఉత్తరం రాస్తున్నా.

నేను హైదరాబాద్ బయట ఒక ఇండస్ట్రియల్ ఏరియాలో మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్లో చేస్తా. గోలీల షీట్లు లెక్కబెట్టి, ఆ చిన్న కాగితం మడిచి, డబ్బాలో పెట్టి మూయడం, మొత్తం వేళ్ల మీద నడిచే పని. పోయిన ఏడు వానాకాలం నుంచి పొద్దున లేస్తే వేళ్లు మడత పడవు, పిడికిలి బిగించలేను, చపాతీ పిండి కలపడం అయితే మా ఆయనకే అప్పజెప్పా, ఒక గంట గంటన్నర అయితే గానీ చేతులు నా మాట వినవు. రెండు చేతులకీ ఒకే చోట వాపు. డిస్పెన్సరీకి పోతే అక్కడి మేడమ్, చాలా మంచావిడ, వేళ్ల కణుపులు ఒక్కొక్కటి నొక్కి చూసి అప్పటికప్పుడే అనుమానపడ్డారు, రక్త పరీక్షలు రాశారు, ఈఎస్ఆర్ ఎక్కువ, సీఆర్పీ ఎక్కువ, ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివ్. ఇది కీళ్లవాతం లాగుందమ్మా, రుమటాయిడ్ అంటారు, నొప్పి గోలీలతో నొప్పి తగ్గుతది గానీ జబ్బు ఆగదు, లోపల కీలు అరిగిపోతనే ఉంటది, వేళ్లు వంకర పోయాక ఏ మందూ మళ్లీ తిన్నగా చేయదు, రుమటాలజిస్టుకి, అంటే ఇట్లాంటి కీళ్ల జబ్బుల స్పెషలిస్టుకి, తొందరగా చూపించుకోవాలి అని చెప్పి రిఫరల్ రాశారు. తొందరగా అనే మాట ఆమె నోటితో చెప్పారు, కాగితం మీద మాత్రం ఆ మాటకి చోటు లేదు.

డిస్పెన్సరీ నుంచి నేరుగా స్పెషలిస్టు దగ్గరికి పోవడానికి లేదు, ముందు ఈఎస్ఐ దవాఖానకి పోవాలి. అక్కడ మెడిసిన్ ఓపీలో చూసి కీళ్లు కదా అని ఎముకల డాక్టర్ దగ్గరికి పంపారు, ఎముకల డాక్టర్ ఎక్స్‌రే తీయించి ఇది మా కేసు కాదు మెడిసిన్ వాళ్లదే అని రాసి వెనక్కి పంపారు, మళ్లీ మెడిసిన్ కి పోతే ఆ రోజు ఆ డాక్టర్ లేరు, వేరే డాక్టర్ గారు మొదటి నుంచి అంతా అడిగి చివరికి మా దగ్గర రుమటాలజిస్టు పోస్టే లేదు పైకి రాయాలి అన్నారు. ఆ సంగతి మొదటి రోజు కౌంటర్లో కూచున్న ఆమెకి కూడా తెలుసు. పైకి రాయాలంటే పెద్దసారు సంతకం కావాలి, పెద్దసారు మీటింగ్ లో ఉన్నారు, తర్వాత లీవ్ లో ఉన్నారు, సంతకం అయ్యాక కంప్యూటర్లో ఎక్కాలి, కంప్యూటర్లో ఎక్కించే రోజు సర్వర్ డౌన్. అన్నీ అయి పై దవాఖానకి పోతే నీ బ్లడ్ రిపోర్టులు పాతబడ్డాయి కొత్తవి చేయించుకొని రా అన్నారు. రిపోర్టులు పాతబడింది నేను ఇంట్లో పండుకున్నందుకు కాదు కదా సార్, మీ లైన్లలో నిలబడ్డందుకే. కొత్తవి చేయించేలోపు రిఫరల్ లెటర్ గడువు అయిపోయింది, మళ్లీ కింది నుంచి రాయించుకోవాలి. నా ఫైలు పుట్టింటికీ అత్తారింటికీ మధ్య సూట్‌కేసు పట్టుకొని తిరిగే కొత్త కోడలి లాగ అయిపోయింది, ఎవరూ పొమ్మనరు, ఎవరూ ఉండమనరు.

దవాఖానల పేర్లు కావాలనే రాయట్లేదు. అక్కడ పనిచేసేవాళ్లతో నాకు గొడవ లేదు, పైగా రేపు మళ్లీ అదే లైన్లో నిలబడాలి. అదీ కాక మా సెక్షన్ లో అడిగితే గుండెకో కిడ్నీకో నరాలకో తిరిగినవాళ్లు అందరూ, వేరే వేరే దవాఖానలకి పోయినవాళ్లే, ఇదే కథ చెప్తున్నారు.

ఇప్పుడు ఒక మాట. కౌంటర్ దగ్గర గట్టిగా అడిగితే వచ్చే జవాబు ఏందంటే "ఫ్రీ వైద్యం కదమ్మా, కొంచెం ఓపిక పట్టాలి" అని. ఫ్రీ అనేది ఎవరు చెప్పారు? నా జీతం 16,000. అందులో 0.75 శాతం అంటే నెలకి 120 రూపాయలు నా జీతంలో కట్, కంపెనీ వాటా 3.25 శాతం అంటే 520, రెండూ కలిపి నెలకి 640, సంవత్సరానికి 7,680. నాకు జబ్బు ఉన్నా లేకపోయినా ప్రతి నెలా పోతనే ఉంటది. 2019 జూలైకి ముందు ఇంకా ఎక్కువ, మావి 1.75, కంపెనీవి 4.75 శాతం ఉండేది, తగ్గించారు, సంతోషం. కానీ తగ్గించినా పెంచినా అది మా పైసలే. ఇది నేను చెప్పే మాట కూడా కాదు, 2007లో సుప్రీంకోర్టే చెప్పింది. హర్యానాలో ఒక కార్మికుడు తన భార్యకి డిస్పెన్సరీలో సరిగ్గా వైద్యం అందలేదని కేసు వేస్తే, ఈఎస్ఐ వైద్యం ఉచిత సేవ కాదు, చందా కడుతున్నారు కాబట్టి కార్మికుడు వినియోగదారుడే, వినియోగదారుల ఫోరంకి పోవచ్చు అని తీర్పు ఇచ్చారు. మా యూనియన్ లీడర్ అన్న ఇది చెప్పినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు, ఎందుకంటే ఇన్నేళ్లలో ఏ కౌంటర్ దగ్గరా నాతో వినియోగదారురాలితో మాట్లాడినట్టు ఎవరూ మాట్లాడలేదు. అట్లని నేను ఫోరంకి పోతానా అంటే పోను, అక్కడ ఇంకో లైన్ ఉంటది.

వెయిటింగ్ కి అయ్యే ఖర్చు గురించి ఎవరూ లెక్క వేయరు. సిక్‌నెస్ బెనిఫిట్ ఉంది కదా అంటారు, ఉంది, ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు, మంచి రూలే, కాదనను. కానీ అది డాక్టర్ రెస్ట్ రాసి సర్టిఫికెట్ ఇస్తేనే, అందులో కూడా మొదటి రెండు రోజులకి రాదు. నేను సంతకం కోసం పోయిన రోజు నేను జబ్బు మనిషిని కాదు వాళ్ల లెక్కలో, ఊరికే కనబడకుండా పోయిన మనిషిని. ఆ రోజు కూలి పోతది, బస్సు మార్చి బస్సు ఎక్కి పోవాలి, మధ్యాహ్నం ఒంటిగంటకి ఓపీ అయిపోయింది రేపు రా అంటే ఇంకో రోజు కూలి పోతది. కాంట్రాక్టర్ అయితే మొహం మీదే అన్నాడు, ఇన్ని లీవులు పెడితే వేరే మనిషిని చూసుకుంటా అని. అతన్ని ఏమనాలి, లైన్ ఆగితే అతన్ని తిడతారు. ఇక పని పోతే ఈఎస్ఐ కార్డు కూడా ఎన్నాళ్లో ఉండదు. అంటే వైద్యం కోసం తిరిగి తిరిగి ఆ వైద్యం ఇచ్చే కార్డే పోగొట్టుకునే పరిస్థితి.

ఇంకో విచిత్రం చెప్తా నవ్వకండి. జీతం 21,000 దాటితే ఈఎస్ఐ లో ఉండటానికి లేదు, 2017 జనవరి నుంచి అదే లిమిట్, అప్పటి నుంచి ఉప్పు పప్పు అన్నీ పెరిగాయి గానీ ఆ లిమిట్ పెరగలేదు. మా సెక్షన్ లో ఒక సీనియర్ అన్నకి గుండె డాక్టర్ దగ్గరికి రిఫరల్ నడుస్తుంటే ఈ లోపల ఇంక్రిమెంట్ ఇస్తారని తెలిసి భయపడ్డాడు. వెంటనే కట్ చేయరు, చందా లెక్కేసే ఆ ఆరు నెలల పీరియడ్ అయ్యేదాకా నడుస్తది అని ఆఫీసులో చెప్పాక ఊపిరి పీల్చుకున్నాడు. జీతం పెరుగుతుందంటే భయపడే మనిషిని మొదటిసారి చూశా.

ఈ లోపల జనం ఏం చేస్తున్నారో అది రాయకపోతే ఈ ఉత్తరం రాసి లాభం లేదు. మా బస్తీలో ఆర్ఎంపీ డాక్టర్ ఉన్నాడు, పొద్దున ఆరింటికే తలుపు తీస్తాడు, లైన్ లేదు, సంతకం లేదు, ఒక ఇంజెక్షన్ ఇస్తే మధ్యాహ్నానికల్లా చేతులు పువ్వుల్లాగ తేలికైపోతాయి. అది స్టెరాయిడ్ అని చాలామందికి తెలియదు, తెలిసినా ఆగరు. నాతో పక్క టేబుల్ మీద చేసే ఆమె, నాలాంటి నొప్పులే, వారం వారం అదే ఇంజెక్షన్ తీసుకుంది. మొదట్లో నన్ను చూసి జాలిపడేది, నీకెందుకమ్మా ఆ దవాఖానల తిప్పలు అని. ఇప్పుడు మొహం ఉబ్బింది, షుగర్ వచ్చింది, ఇంజెక్షన్ ఆపితే నొప్పి ముందుకంటే ఎక్కువ వస్తుందని ఆపలేకపోతుంది. ఇంకొకామె ఏదో ఊర్లో కీళ్ల పొడి ఇస్తారంటే బస్సెక్కి పోయి తెచ్చుకుంది, పొట్లం మీద పేరు లేదు, ఏం కలిపారో తెలియదు, రెండు రోజుల్లో నొప్పి మాయం అంది, అంత తొందరగా మాయం చేసే చెట్టు మందు ఏముంటదో డిస్పెన్సరీ మేడమ్ ని అడిగితే ఆమె తల పట్టుకున్నారు. వీళ్లంతా అమాయకులు, మూఢనమ్మకాలు అని పేపర్లలో రాస్తారు, టీవీలో చెప్తారు. అమాయకత్వం ఏం లేదండీ. డ్యూటీ చేయాలి, డ్యూటీ చేయాలంటే వేళ్లు కదలాలి, ఈ రోజే కదలాలి. ఈ రోజు చూసేవాడు ఆర్ఎంపీ ఒక్కడే.

అసలు మందు ఏమన్నా కోట్ల రూపాయలదా అంటే అదీ కాదు. ఈ జబ్బుకి ముందుగా ఇచ్చేది మెథోట్రెక్సేట్ అనే గోలీ అట, వారానికి ఒక్కసారే వేసుకోవాలి, ఖరీదు కూడా తక్కువే. కాకపోతే లివర్ టెస్టు, రక్తం టెస్టు చూసుకుంటూ ఇవ్వాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తది, అందుకే స్పెషలిస్టు చూడకుండా నేను మొదలుపెట్టను అన్నారు మేడమ్. ఆమె జాగ్రత్త ఆమెది, నాకు కోపం లేదు. కానీ ఈ జబ్బులో మొదటి నెలలే ముఖ్యం, అప్పుడు మందు పడితే కీళ్లు మిగులుతాయి, ఆలస్యమైన కొద్దీ అరిగింది అరిగినట్టే. ఆడవాళ్లకి మగవాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ వస్తదట ఇది. మా ప్యాకింగ్ సెక్షన్ లో దాదాపు అందరం ఆడవాళ్లమే.

నిమ్స్ లో రుమటాలజీ డిపార్ట్‌మెంట్ ఉంది కదా అక్కడికి పో అని చాలామంది చెప్పారు. పోవచ్చు, జేబులోంచి పెట్టుకుంటే ఎక్కడికైనా పోవచ్చు. ప్రైవేట్ లో ఐతే ఇంకా ఈజీ, చీటీ ఎత్తుకుంటే అయిపోతది. మరి నెల నెలా నా జీతంలో కట్ అయ్యేది ఎందుకు? ఆరోగ్యశ్రీ 10 లక్షలు చేశారు కదా అని మా మరిది అన్నాడు, 2023 డిసెంబర్లో చేశారు నిజమే, కానీ అది ఎక్కువగా అడ్మిట్ అయ్యే జబ్బులకి, ఆపరేషన్లకి. ఏళ్ల తరబడి ఓపీలో చూపించుకుంటూ గోలీలు మింగే జబ్బుకి అది ఏం చేస్తది.

లేట్ ఎక్కడ అవుతుందో నాకు అర్థమైనంత చెప్తా. డిస్పెన్సరీ నడిపేది రాష్ట్ర ప్రభుత్వం, బీమా వైద్య సేవల శాఖ. పైన ఉన్న పెద్ద దవాఖాన నడిపేది ఈఎస్ఐ కార్పొరేషన్, అది కేంద్రం కింద. ఖర్చులో ఎనిమిది వంతులైతే ఏడు కార్పొరేషన్ వి, ఒకటి రాష్ట్రానిది అంటారు. పైసల లెక్క ఇంత చక్కగా రాసుకున్నారు గానీ, పేషెంట్ ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోయే మధ్యలో ఉన్న రోజులు ఎవరి ఖాతాలో రాయాలో ఎక్కడా రాసుకున్నట్టు లేదు. డిస్పెన్సరీలో అడిగితే మేము పంపేశాం అంటారు, పై దవాఖానలో అడిగితే మాకు ఇంకా రాలేదు అంటారు, రెండూ నిజాలే. మధ్యలో ఉన్నది నేను.

మా ఆడపడుచు కొడుకు ఇంగ్లండ్ లో నర్సుగా చేస్తున్నాడు. ఫోన్లో నా గోడు చెప్తే "అత్తా ఇక్కడ కూడా వెయిటింగే, నువ్వేం అనుకోకు" అన్నాడు. అక్కడ ప్రభుత్వ వైద్యంలో రిఫర్ చేసిన రోజు నుంచి 18 వారాల్లోపు ట్రీట్‌మెంట్ మొదలు కావాలని రూల్, వందలో 92 మందికి అట్లా జరగాలని టార్గెట్, 2016 నుంచి ఆ టార్గెట్ అందుకోలేకపోతున్నారు, జనం తిడుతున్నారు, పార్లమెంట్లో గొడవలు. కీళ్లవాతం అనుమానం ఉంటే రిఫర్ చేశాక 3 వారాల్లో స్పెషలిస్టు చూడాలని వేరేగా ఉందట, అది కూడా అన్ని చోట్లా జరగదట. వాడు నన్ను ఓదార్చడానికి చెప్పాడు కానీ నాకు వేరే సంగతి తట్టింది. వాళ్లకి గడువు ఉంది కాబట్టి గడువు తప్పిన సంగతి తెలుస్తుంది, ఎంతమందికి తప్పిందో నెల నెలా లెక్క బయట పెడతారు, అడగటానికి ఒక అంకె ఉంది. మనకి లేట్ అనే మాటే లేదు, ఎందుకంటే టైమ్ ఎంత అనేది ఎవరూ చెప్పలేదు. నేను లేట్ అంటే వాళ్లు ప్రాసెస్ లో ఉంది అంటారు.

కాబట్టి నేను అడిగేది కొత్త బిల్డింగ్ కాదు. రిఫరల్ రాసిన రోజే ఆ కాగితం మీద ఫలానా తేదీ లోపల స్పెషలిస్టు చూడాలి అని ఒక తేదీ వేయండి, జబ్బుని బట్టి డాక్టరే వేస్తారు, రెండు వారాలో ఆరు వారాలో. ఆ తేదీ దాటితే పేషెంట్ మళ్లీ కింది నుంచి మొదలుపెట్టకుండా టై-అప్, అంటే ఈఎస్ఐతో ఒప్పందం, ఉన్న ప్రైవేట్ దవాఖానకి ఆటోమేటిక్ గా లెటర్ రావాలి. టై-అప్ అనేది కొత్తగా నేను కనిపెట్టింది కాదు, ఇప్పటికే ఉంది, దాని దగ్గరికి పోయే దారే మూసి ఉంది. తమ దగ్గర ఏ స్పెషలిస్టు పోస్టు లేదో ప్రతి ఈఎస్ఐ దవాఖాన గేటు దగ్గర బోర్డు పెడితే మాకు ఎముకల ఓపీకి మెడిసిన్ ఓపీకి తిరిగే పని తప్పుతది, డిస్పెన్సరీ మేడమ్ కూడా చూసుకొని ఎక్కడికి రాయాలో అక్కడికే రాస్తారు. చేసిన బ్లడ్ టెస్టు కంప్యూటర్లో అందరికీ కనబడాలి. సంతకానికి పేషెంట్ రావాల్సిన పని ఏముంది అసలు, కాగితం కదా నడవాల్సింది. తప్పదు రావాల్సిందే అంటే ఆ రోజుకి కౌంటర్లో స్టాంపు వేసి ఇవ్వండి, సగం కూలి ఐనా రావడానికి ఒక దారి చూడండి. ఇది కార్మిక శాఖ మంత్రి గారికి, కార్పొరేషన్ రీజనల్ ఆఫీసు వాళ్లకి ఇద్దరికీ, ఎందుకంటే ఒక్కరికే రాస్తే ఆ పని ఇంకొకరిది అంటారు.

మీ పేపర్ వాళ్లకి కూడా ఒక రిక్వెస్ట్. నా ఒక్కదాని గోడు అచ్చు వేస్తే చదివి పక్కన పెడతారు. ఈఎస్ఐ రిఫరల్ కోసం తిరుగుతున్న వాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల చీటీ మీద మొదట రిఫర్ చేసిన తేదీ, స్పెషలిస్టు చూసిన తేదీ, ఈ రెండు మాత్రం మీకు రాసి పంపమని అడగండి. జబ్బు పేరు కూడా అక్కర్లేదు. ఆ తేదీలు వరసగా ఒక పేజీలో వేయండి. ప్రభుత్వం దగ్గర లేని లెక్క అట్లా ఐనా తయారైతది. నావి పంపడానికి ప్రస్తుతం ఒక్క తేదీయే ఉంది, రెండోది వచ్చే నెల అంటున్నారు, కొత్త రిపోర్టులు పాతబడకపోతే.

నా పేరు, కంపెనీ పేరు దయచేసి అచ్చు వేయకండి, కాంట్రాక్టర్ మీ పేపరే తెప్పిస్తాడు.

ఇట్లు,
ఒక ప్యాకింగ్ కార్మికురాలు,
హైదరాబాద్